డబ్బా అడుగున చిల్లు

బిడ్డా,

పరకాలలో డాబా మీద హామ్ రేడియోకి డైపోల్, అదే రెండు వైపులా తీగ లాగే యాంటెన్నా, కడతానని నువ్వు పైపు ముక్కలు, వైర్లు పోగేస్తున్నావట. మీ బాపు ఫోన్ చేసి, నేను తిడతానేమోనని గొంతు తగ్గించి మరీ చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు, సగం సంతోషం, సగం టెన్షన్.

తెలిసినవే కాబట్టి గబగబా చెప్తా. 40 మీటర్ల బ్యాండుకి, అంటే 7.1 మెగాహెర్ట్జ్‌కి, 143ని 7.1తో భాగిస్తే తీగ పొడవు 20 మీటర్ల చిల్లర, ఒక్కో వైపు 10. ఓ జానెడు ఎక్కువే ఉంచు, తర్వాత కత్తిరించుకోవచ్చు. ఇంటి వైరింగు వైరు చాలు. తీగకీ కేబుల్‌కీ నడుమ పెట్టే బాలన్ కొనకు, మిక్స్ 43 రకం ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ 58 కోయాక్స్ కేబుల్‌ని 10, 12 చుట్లు చుట్టు, నా దగ్గర రెండు రింగులున్నాయి, బస్సులో పంపుతా. లైసెన్సు వచ్చేదాకా వినడమే, మైకు ముట్టకు. మీ వెనక గల్లీలో 11 కేవీ కరెంటు లైను ఉంది కదా, అటువైపు తీగ లాగావో, నేనే వచ్చి కోసేస్తా.

ఇక నీళ్ళ సంగతి. మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ డిజైన్ చేసిన బిటెక్స్ రేడియో సెట్టు నేను సొంతంగా కట్టుకున్న రోజులవి. బాలన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుక్క కూడా దిగకూడదని నాలుగు వైపులా ఎంసీల్ మెత్తేశా. ఎండాకాలమంతా ఎస్‌డబ్ల్యూఆర్, అంటే యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తుందో చెప్పే లెక్క, 1.3 దాటలేదు, హనుమకొండలో నా అంతటోడు లేడనుకున్నా. వానలు పడ్డాయి, సెట్టులో పవర్ పంపే ట్రాన్సిస్టర్ ఐఆర్‌ఎఫ్ 510 కాలింది. కొత్తది వేస్తే అదీ కాలింది. మూడోది కూడా పోయేసరికి బస్సెక్కి హైదరాబాద్ పోయి, డూప్లికేట్ మాల్ అమ్ముతావా అని పార్టులమ్మిన ఆయన్ని పదిమందిలో తిట్టొచ్చా. పాపం, ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఇంకోటి చేతిలో పెట్టాడు. దసరాకి సున్నం వేయడానికి డబ్బా దించి తెరిస్తే లోపల చెంచాడు నీళ్ళు! పగలు వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడగానే ఏ సన్నటి సందులోంచో తడిగాలిని లోపలికి లాక్కుందన్నమాట. వచ్చిన తేమకి పోయే దారి లేదు. వత్తి నూనె పీల్చినట్టు కోయాక్స్ లోపలి రాగి జాలీ ఆ నీళ్ళని మూరెడు దూరం పీల్చింది, రాగి పచ్చబడిపోయింది. పవర్ వెనక్కి తన్ని ట్రాన్సిస్టర్లు కాలింది అందుకే. ఆ షాపు మెట్లెక్కడానికి ఇప్పటికీ మొహం చెల్లలేదు.

అందుకే పైన, పక్కల ఎంత గట్టిగా మూసినా అడుగున అగ్గిపుల్ల పట్టేంత చిల్లు ఉంచు. కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక వంపు తిప్పు, చినుకులు అక్కడే రాలిపోతాయి. వాన మబ్బు పట్టిందా, ఉరుము వినబడకముందే సెట్టు నుంచి కోయాక్స్ పీకి బయట పడేయ్. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టకూడదు. నవ్వకు, మీ పెద్దమ్మ కూడా ఇలాగే నవ్వేది.

నిచ్చెన నువ్వెక్కు, కింద మీ బాపుని పట్టుకోమను. పైకి లేపే ముందు డబ్బా అడుగు ఫోటో తీసి పంపు, చిల్లు కనబడాలి.

మీ పెద్దబాపు