బిల్లులో ఆ పది శాతం ఎవరిది?

ప్రశ్న: మా పాప అన్నప్రాసన రోజున పధ్నాలుగు మందిమి ఏసీ హాల్లో భోంచేశాం. తిన్నది 4,200, బిల్లు 4,851. మధ్యలో ‘సర్వీస్ ఛార్జీ 10 శాతం’ అని ఉంది. అడిగితే, ‘అది గవర్నమెంటు టాక్సండి, సిస్టంలోనే వచ్చేస్తుంది’ అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: నిజం కాదండి. ఆ బిల్లులో ప్రభుత్వానికి వెళ్లేది జీఎస్టీ ఒక్కటే. మామూలు హోటల్లో అది 5 శాతం. కేంద్రానికి వెళ్లే సీజీఎస్టీ 2.5, రాష్ట్రానికి వెళ్లే ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరుసల్లో పడుతుంది. సర్వీస్ ఛార్జీ హోటలు తన ఇష్టంతో వేసుకున్నది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని మనల్ని అడక్కుండా బిల్లులో కలపకూడదు. ఇంకో పేరు పెట్టి వసూలు చేయకూడదు. ఇవ్వనన్నవాళ్లని లోపలికి రానివ్వకపోవడమూ తప్పే. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఈ మార్గదర్శకాలనే నిలబెట్టింది.

మీ లెక్క చూద్దాం. 4,200కి జీఎస్టీ 210, మొత్తం 4,410 కావాలి. వాళ్లు ముందు 420 కలిపి, ఆ 4,620 మీద జీఎస్టీ 231 వేశారు. అంటే మీ దగ్గర 441 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. ఛార్జీ మీద మళ్లీ పన్ను వేయడం చాలామంది గమనించరు. మాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే.

ఇకమీదట డబ్బు కట్టకముందే అడగండి. ‘సర్వీస్ ఛార్జీ తీసేసి కొత్త బిల్లు కొట్టండి’ అంటే చాలు. పెన్నుతో ఆ వరుస కొట్టేసి ఇస్తే ఒప్పుకోకండి, ఎందుకంటే కింద జీఎస్టీ అంకె పాతదే ఉండిపోతుంది. ససేమిరా అంటే గొడవపడకుండా ఫోన్‌పేలోనో కార్డుతోనో కట్టి, బిల్లు తీసుకుని బయటికి రండి. వెంటనే దాన్ని ఫొటో తీయండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా 8800001915కి వాట్సాప్ పెట్టండి. బిల్లు, డబ్బు కట్టిన రుజువు, తిరిగి రావలసిన మొత్తం, ఈ మూడూ పంపాలి. హెల్ప్‌లైన్‌వాళ్లు హోటలుతో మాట్లాడి రాజీ చేయిస్తారు గానీ తీర్పు ఇవ్వలేరు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ కేసు రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. మీ బిల్లు దగ్గరుంటే ఇప్పుడైనా అడగవచ్చు.

ప్రశ్న: మా ఊరి మెస్సులో చీటీ మీద 5 శాతం జీఎస్టీ రాస్తున్నారు. జీఎస్టీ నంబరు మాత్రం ఎక్కడా లేదు. ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: నంబరు లేకపోతే పన్ను వసూలు చేసే హక్కూ లేదు. మన ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్న హోటలైతే నంబరున్నా సరే, మన దగ్గర విడిగా పన్ను తీసుకోకూడదు.

ప్రశ్న: టిప్పు ఎంతివ్వాలి? కౌంటర్లో స్కాన్ చేసి ఇస్తే సర్వరుకి చేరుతుందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇంతని నియమం లేదు. టోకెన్ తీసుకుని మనమే ప్లేటు తెచ్చుకునే చోట అవసరం లేదు. కూర్చోబెట్టి అడిగి అడిగి వడ్డించే భోజనం హోటల్లో మనిషికి పదీ ఇరవై, ఫ్యామిలీ రెస్టారెంటులో బిల్లు మీద 5 నుంచి 10 శాతం బాగుంటుందని మా అభిప్రాయం. కౌంటర్ దగ్గరి క్యూఆర్‌లో పడిన డబ్బు యజమాని ఖాతాకి వెళ్తుంది. సర్వరుకి ఇవ్వాలనుకుంటే ఆయన చేతికే నోటు ఇవ్వండి. టేబుల్ తుడిచే క్లీనర్‌నీ గుర్తుపెట్టుకోండి, ఆమె దాకా వచ్చేది తక్కువ.

ప్రశ్న: ఆర్డరిచ్చి ముప్పావు గంటైనా రాలేదు, వచ్చాక కూర పులిసిన వాసన. ఏం చేయాల్సింది?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. ఆలస్యమైతే పావుగంటకే సర్వరుని పిలిచి, ఆర్డరు వంటింటికి వెళ్లిందా అని అడగండి. వెళ్లకపోయుంటే అప్పుడే రద్దు చేయించుకోవచ్చు, వండాక రద్దంటే ఎవరూ ఒప్పుకోరు. సిరిమాను ఉత్సవం రోజున విజయనగరంలో, రథసప్తమికి అరసవల్లి దారిలో ఒక్క సర్వరు పది టేబుళ్లు చూస్తుంటాడు. ఆ ఆలస్యం ఆయన తప్పు కాదు, టిప్పు కోసేయకండి.

వాసన సంగతి మొదటి ముద్దకే చెప్పాలి. సగం తిన్నాక చెబితే మాట నిలవదు. మేనేజరుని పిలిచి వాసన చూపించి, మార్చమనండి లేదా బిల్లులోంచి తీయమనండి. పురుగో, పాచిపోయిన కూరో అయితే ప్లేటు కదపకుండా ఫొటో తీయండి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. దానితో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి టెక్సాస్ వెళ్తున్నాం. అక్కడ టిప్పు ఇవ్వకపోతే మర్యాద కాదంటోంది. అంత పట్టింపా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: అవునండి. టిప్పులు వచ్చే సర్వరుకి అక్కడ యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతా జీతం మన టిప్పుల మీదే. పన్నుకి ముందున్న మొత్తం మీద 15 నుంచి 20 శాతం ఇవ్వడం వాడుక. ఆరుగురో ఎనిమిదిమందో కలిసి వెళ్తే చాలాచోట్ల వాళ్లే 18 శాతం ‘గ్రాట్యుటీ’ (అక్కడ టిప్పుకే ఆ పేరు) అని కలిపేస్తారు. మెనూ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది పడితే కింద టిప్పు గీత మీద మళ్లీ ఇవ్వనక్కర్లేదు. అక్కడ సున్నా వేసి, మొత్తం అంకె మీ చేత్తో మీరే రాసి సంతకం పెట్టండి.