పేరు చెప్పని వ్యక్తి మాటను పత్రిక ఎలా నమ్ముతుంది?

ప్రశ్న: ‘పేరు వెల్లడించడానికి ఇష్టపడని అధికారి తెలిపారు’ అని వార్తల్లో తరచూ చదువుతుంటాం. ఆ అధికారి నిజంగా ఉన్నారని పత్రికకు ఎలా తెలుస్తుంది?

జవాబు: పాఠకులకు తెలియని ఆ పేరు విలేకరికి తప్పక తెలిసి ఉండాలి, కనీసం ఒక సంపాదకునికైనా తెలియడం మరీ మంచిది. ఆ వ్యక్తి విషయాన్ని స్వయంగా చూశారా, ఎవరో చెప్పగా విన్నారా, దాన్ని బయటపెట్టడం వల్ల ఆయనకు ఒరిగేదేమిటి అన్నవి మొదట తేల్చుకోవాలి. ఆ తరువాత పత్రాలతోనో, ఆయనతో సంబంధం లేని మరొకరితోనో సరిచూడాలి. ఇద్దరూ ఒకే మూడో మనిషి దగ్గర విన్నదే చెబుతుంటే అవి రెండు ఆధారాలు కావు, ఒక్కటే. తొందరలో పొరపడేది ఎక్కువగా ఇక్కడే.

1981లో అమెరికా పత్రిక వాషింగ్టన్ పోస్ట్‌లోని ఒక కథనానికి అక్కడి ప్రముఖ పాత్రికేయ పురస్కారమైన పులిట్జర్ బహుమతి వచ్చిన కొద్ది రోజులకే, అందులోని ఎనిమిదేళ్ల బాలుడు కల్పిత పాత్ర అని తేలడంతో బహుమతిని తిరిగి ఇచ్చేశారు. గోప్యత పేరుతో ఆ బాలుడి వివరాల కోసం సంపాదకులు గట్టిగా పట్టుబట్టకపోవడం నా దృష్టిలో క్షమించరాని లోపం. గోప్యతను కాపాడవలసిన తీరు కూడా ఆ పత్రికలోనే కనిపిస్తుంది: అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణం వార్తలకు సాయపడిన, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఉన్నతాధికారి మార్క్ ఫెల్ట్ 2005లో తానే బయటపడేదాకా, 30 ఏళ్లకు పైగా విలేకరులు ఆయన పేరు ప్రకటించలేదు.