కాన్పుకి డూలాను పెట్టుకో, అమ్మలూ

చి. ల. సౌ. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఐదో నెల స్కాన్‌లో అంతా బాగుందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. మొదటి కాన్పుకి మదనపల్లె వెళ్ళకుండా మారతహళ్ళిలోనే ఉండిపోవాలని మీరిద్దరూ నిర్ణయించుకున్నారనీ, డూలాను (కాన్పు పొడుగునా పక్కనే ఉండి ధైర్యం చెప్పే, శిక్షణ తీసుకున్న మనిషిని) పెట్టుకుందామా అని ఆలోచిస్తున్నారనీ చెప్పింది. "నేనుండగా డబ్బులిచ్చి బయటి మనిషిని తెచ్చుకోవడమేంటక్కా" అని కాస్త నొచ్చుకుంది కూడా. ఈ బెంగళూరులోనే లేబర్ రూమ్‌లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతున్నాను. పెట్టుకో. ఈ లేఖ మీ అమ్మకీ చదివి వినిపించు.

లేబర్ రూమ్‌లో పని ఎలా సాగుతుందో ముందు తెలుసుకోవాలి. నర్సు బీపీ చూడాలి, బిడ్డ గుండె చప్పుడు చూడాలి, డ్రిప్ సరిచేయాలి, ప్రతిదీ కేస్ షీట్‌లో రాయాలి. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు గర్భిణుల్ని ఒకే నర్సు చూసుకోవాల్సి వస్తుంది. నిన్ను అడ్మిట్ చేసుకున్న అమ్మాయి డ్యూటీ అయిపోయి వెళ్ళిపోతుంది, కొత్త ముఖం వస్తుంది. నెలనెలా నువ్వు చూపించుకున్న డాక్టర్ చాలాచోట్ల చివరి ఘట్టానికే వస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా మొదటి కాన్పుకి 12 గంటల దాకా పట్టొచ్చు. అన్ని గంటలూ నీ పక్కనే కదలకుండా ఉండడం ఆ గదిలో ఎవరి డ్యూటీ కాదు. డూలాకి మాత్రం అదే డ్యూటీ.

ఒంటరిగా ఉన్నప్పుడు ఒక నొప్పికీ ఇంకో నొప్పికీ మధ్య భయం పుడుతుంది. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్‌కి అది అడ్డుపడుతుంది. కండరాలు బిగుసుకుంటాయి, నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది, కాన్పు మాత్రం ముందుకు సాగదు. పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుని "ఈ నొప్పి దిగిపోతోంది, భుజాలు వదులు చెయ్యి, ఊపిరి మెల్లగా వదులు" అని చెబుతుంటే అదే అమ్మాయి ఎలా మారిపోతుందో నేను కళ్ళారా చూశాను.

డూలా చేసేది ఇంకా ఉంది. పడుకునే ఉండకుండా నిన్ను నడిపిస్తుంది. పెద్ద బంతి మీద కూర్చోబెట్టి నడుము తిప్పిస్తుంది. అలసిపోతే ఎడమ వైపు తిప్పి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టి పడుకోబెడుతుంది. బిడ్డ వీపు నీ వీపు వైపు ఉంటే నడుములో ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. అప్పుడు నడుము కింది ఎముక మీద అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలా ఉపశమనం. అది గంటల తరబడి చేయాలంటే చేతుల్లో బలం, అలవాటు రెండూ కావాలి. గుటక గుటకగా నీళ్ళు తాగిస్తుంది, యూరిన్‌కి వెళ్ళమని గుర్తు చేస్తుంది (మూత్రాశయం నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డం, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు). ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) తీసుకుంటే డూలాతో పని లేదనుకోకు. నొప్పి తగ్గినా పక్కకు తిప్పడానికీ, ధైర్యం చెప్పడానికీ మనిషి కావాలి.

ఇది నా అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. 2017లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ 17 దేశాల్లో 15 వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూసింది. కాన్పు పొడుగునా ఒక మనిషి తోడున్నవాళ్ళలో మామూలు కాన్పులు పెరిగాయి, సిజేరియన్లు సుమారు నాలుగో వంతు తగ్గాయి, నొప్పులు పడే సమయం సగటున 40 నిమిషాలు తగ్గింది. ఆసుపత్రి సిబ్బందీ కాక, ఇంటివాళ్ళూ కాక, ఈ పని కోసమే వచ్చిన మనిషి ఉన్నప్పుడు సిజేరియన్లు మరింత బాగా తగ్గినట్టు కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2018లో, ప్రతి గర్భిణికీ తనకు నచ్చిన తోడు కాన్పులో ఉండాలని సిఫార్సు చేసింది.

మన దగ్గర ఇది ఇంకా అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో ప్రైవేటు ఆసుపత్రుల కాన్పుల్లో 47 శాతం సిజేరియన్లే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14 శాతం. మన ఆంధ్రాలో మొత్తం మీద 42, తెలంగాణలో 60 దాటింది. అలాగని డూలా ఉంటే నీకు ఆపరేషన్ జరగదని నేను మాట ఇవ్వను. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, మాయ అడ్డంగా ఉన్నా ఆపరేషనే బిడ్డకి ప్రాణం. అలాంటప్పుడు "నేను ఓడిపోయాను" అని ఏడవకుండా నిన్ను నిలబెట్టేది కూడా ఆ తోడే.

ఇక మీ అమ్మ సంగతి. అది నా చెల్లెలు, దాని మనసు నాకు తెలుసు. నీకు జ్వరం వస్తేనే రాత్రంతా నిద్రపోదు. కూతురు నొప్పులతో అరుస్తుంటే తల్లి తట్టుకోలేదు. లేబర్ రూమ్ బయట ఎందరో తల్లులు డాక్టర్ చెయ్యి పట్టుకుని "మా పిల్ల పడలేకపోతోంది, ఆపరేషన్ చేసెయ్యండమ్మా" అని బతిమాలడం చూశాను. లోపల పిల్ల బాగానే నెగ్గుకొస్తూ ఉంటుంది. తల్లి ఏడుపు వినగానే దాని ధైర్యం జారిపోతుంది. డూలా వచ్చినంత మాత్రాన మీ అమ్మ స్థానం ఎక్కడికీ పోదు. నీ తల నిమిరేది, బిడ్డను మొదట ఒళ్ళోకి తీసుకునేది, బాలింతకి పథ్యం వండేది ఆవిడే. ఆ నొప్పుల గంటల భారం ఒక్కటే వేరే మనిషి మోస్తుంది. అల్లుడికీ అంతే. ఏం చేయాలో తెలియక ఫోన్ చూసుకుంటూ నిలబడే కుర్రాణ్ణి డూలా పక్కకి పిలిచి "ఇక్కడ చెయ్యి వేసి అదమండి" అని చూపిస్తే అతనికీ ఒక పని దొరుకుతుంది, టెన్షన్ తగ్గుతుంది.

డూలా మంత్రసాని కాదు, నర్సు కాదు. లోపలి పరీక్ష చేయకూడదు, మందు ఇవ్వకూడదు, బిడ్డను బయటికి తీయకూడదు, డాక్టర్ మాటకి ఎదురు చెప్పకూడదు. నీ తరఫున నిర్ణయాలు తీసుకోదు. "ఇది ఇప్పుడే చేయాలా, కాసేపు ఆగవచ్చా అని డాక్టర్ గారిని అడుగు" అని నీకు గుర్తు చేస్తుంది, అంతే. "నేనుంటే నార్మల్ గ్యారంటీ" అనే మనిషిని, స్కాన్లు అక్కర్లేదనే మనిషిని, ఆసుపత్రికి వద్దు ఇంట్లోనే కనమనే మనిషిని గుమ్మంలోంచే పంపించెయ్యి. రక్తస్రావం అయినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా డూలాకి ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళు. తర్వాత ఆమెకి చెప్పొచ్చు.

ఆసుపత్రి వాళ్ళతో ముందే మాట్లాడుకో, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చాలాచోట్ల లేబర్ రూమ్‌లోకి ఒక్కరినే రానిస్తారు. భర్త, డూలా ఇద్దరూ ఉండొచ్చా, లేకపోతే ఒకరి తర్వాత ఒకరు మారొచ్చా, ఆపరేషన్ థియేటర్‌లోకి ఎవరు రావచ్చు అని నీ డాక్టర్‌ని అడిగి, కుదిరితే మెయిల్‌లో తీసుకో. రాత్రి రెండింటికి సెక్యూరిటీ గార్డుతో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. కొన్ని ఆసుపత్రులు తమకు తెలిసిన డూలాలనే ఒప్పుకుంటాయి, అదీ కనుక్కో.

ఏడో నెల లోపు ఇద్దరు ముగ్గురితో మాట్లాడు. మన దేశంలో డూలాలకి, నర్సులకి ఉన్నట్టు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు. అందుకే ఎక్కడ శిక్షణ తీసుకుంది, ఎన్ని కాన్పుల్లో ఉంది అని అడగడం తప్పు కాదు. ఆమె తోడున్న ఒకరిద్దరు తల్లులతో ఫోన్‌లో మాట్లాడించమను. ఎన్నో వారం నుంచి పిలిస్తే వస్తుంది, అదే రోజు ఇంకో కాన్పు ఉంటే బదులు ఎవరు వస్తారు, ఆపరేషన్ అయితే ఫీజు మారుతుందా, కాన్పు తర్వాత ఎన్నిసార్లు ఇంటికి వస్తుంది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఫీజు తక్కువేమీ ఉండదు, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇస్తారనీ అనుకోకు. శ్రీమంతానికి నేను పెట్టాలనుకున్న పట్టుచీర డబ్బులు దీనికే వాడుకో, నాకు అదే తృప్తి.

ఇంకో మాట. నొప్పులు ముదిరాక ఇంగ్లీషు, హిందీ నోటికి రావు. తెలుగు తెలిసిన డూలా దొరికితే మంచిది. కన్నడ కూడా వస్తే నర్సమ్మలతో మాట్లాడడానికి ఇంకా మంచిది. ఈ ఊళ్ళో అలాంటివాళ్ళు ఉంటారు, కాస్త వెతకాలి.

ఒకవేళ డబ్బు కుదరకపోయినా, ఆసుపత్రి ఒప్పుకోకపోయినా, కాన్పుకి ముందు జరిగే క్లాసులకైనా అల్లుణ్ణి తీసుకుని వెళ్ళు. మన ఇంటివాళ్ళలో కాన్పులు చూసిన, ధైర్యమున్న ఆడమనిషి ఎవరైనా ఉంటే ఆమెను తోడు పెట్టుకో. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైతం కాన్పుకి ఒక తోడును రానివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది.

పుట్టాక మొదటి గంట సంగతి డూలాతో ముందే మాట్లాడి పెట్టుకో. బిడ్డను తుడిచి వెంటనే నీ గుండెల మీద పడుకోబెట్టాలి, ముర్రుపాలు పట్టించాలి. మత్తులో, అలసటలో నువ్వు మర్చిపోయినా ఆమె అడుగుతుంది. చనుమొన బిడ్డ నోట్లో సరిగ్గా పట్టకపోతే రెండో రోజుకే పుండ్లు పడి పాలివ్వడమంటేనే భయం వేస్తుంది. పట్టించే తీరు పక్కన కూర్చుని చూపించే మనిషి ఆ వారంలో చాలా అవసరం. ఆమె ఇంటికొచ్చే రోజున మీ అమ్మనీ పక్కన కూర్చోబెట్టుకో.

వచ్చే చెకప్‌లో డాక్టర్‌ని అడిగి నాకు ఫోన్ చెయ్యి. నువ్వు ఎంచుకున్న డూలాతో నేనూ ఒకసారి మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ