కొండ నిటారుతనం కొలవాలంటే ముందు ఎంత దూరానికో తేల్చుకోండి

విశాఖ చుట్టుపక్కల కొండల్ని ఎలివేషన్ డేటాతో, అంటే నేల ఎత్తుల లెక్కలతో, నిటారుతనం ప్రకారం వరుస పెట్టొచ్చా అని అడిగారు. పెట్టొచ్చండి. నేనూ ఒకప్పుడు సరదాకి ఈ పని మొదలుపెట్టి, మొదటి రాత్రే బోల్తా పడ్డాను.

2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అంతరిక్ష షటిల్ రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం అనే ఎత్తుల డేటా దించుకుని, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వాలు లెక్కగట్టే స్లోప్ నొక్కాను. సముద్రం తప్ప ఊరంతా దాదాపు 90 డిగ్రీల గోడలా వచ్చింది, బీచ్ రోడ్డుతో సహా! ఫైలే పాడైందనుకుని మళ్లీ దించుకున్నాను. తీరా చూస్తే ఎత్తు మీటర్లలో ఉంది, దూరం మాత్రం అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంది. దూరాన్ని మీటర్లలో చూపే యూటీఎం 44ఎన్ అనే మ్యాపు పద్ధతిలోకి మార్చాక ఊరు మళ్లీ చదునైంది. మీరు మాత్రం ఇది ముందే చేసేయండి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. శిఖరం చుట్టూ 100 మీటర్ల లోపు వాలు సగటు తీస్తే కైలాసగిరి జాబితాలో అడుగున పడింది. పడదా మరి, పైనంతా పార్కు, బొమ్మ రైలు. కిందనుంచి మెట్లెక్కి వచ్చినవాడికి ఆ జాబితా చూపిస్తే నవ్వుతాడు. 500 మీటర్లకు పెంచితే అంచులు లెక్కలోకి వచ్చి వరుసే మారిపోయింది. కాబట్టి 'ఏది నిటారు' అన్న ప్రశ్నకు 'ఎంత దూరంలో' అన్నది తోడు లేకపోతే జవాబు లేదు. నేను 100, 500, 1000 మీటర్లకు మూడు జాబితాలు ఉంచుకున్నాను. ఒక్కటిగా కలపడానికి మనసొప్పలేదు.

డాల్ఫిన్స్ నోస్‌తో ఇంకో తంటా. దాని చుట్టూ చాలా భాగం సముద్రమే. చదునైన నీళ్లు కూడా సగటులో కలిసి కొండను మెత్తగా చూపిస్తాయి. అందుకని గడుల (ఈ డేటా నేలను విడగొట్టే చిన్న చదరాల) వాలు సగటు మానేశాను. శిఖరం నుంచి ప్రతి దిక్కుకీ ఎంత దిగిందో దూరంతో భాగించి, ఆ కోణాల సగటు తీశాను. దాని పక్కనే అన్నిటికన్నా నిటారైన దిక్కు కోణం కూడా రాసుకున్నాను. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, అదే కొండ ఒక్కో వైపు ఒక్కోలా నిలబడుతుంది.

కొండ అంచుల దగ్గర వచ్చే అంకెల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఈ డేటాలో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. సాఫ్ట్‌వేర్ ఒక గడి వాలు చెప్పడానికి అటూ ఇటూ ఉన్న గడుల్ని, అంటే 60 మీటర్ల దూరాన్ని చూస్తుంది. 60 మీటర్ల నిలువు గోడ ఉన్నా 45 డిగ్రీలే చెబుతుంది. పైగా ఆ రాడార్ చాలాచోట్ల నేలను కాక చెట్ల పైభాగాన్ని కొలిచింది. కంబాలకొండ లాంటి అడవిలో రెండు మూడు డిగ్రీల తేడాకి ఒకటో స్థానం, రెండో స్థానం అని కొట్టుకోవడం అనవసరం.

ఇక ముందుకు వాలిన బండల సంగతి. కెనడాలోని బాఫిన్ దీవిలో మౌంట్ థోర్ అనే శిఖరానికి సుమారు 1,250 మీటర్ల గోడ ఉంది, దాని సగటు కోణం 105 డిగ్రీలని చెబుతారు. మన ఫైలులో ఒక్కో గడికి ఒక్క ఎత్తే ఉంటుంది కనుక 90 దాటిన కోణాన్ని అది ఎలాగూ చూపలేదు. అలాంటి కొండ మీ జాబితాలో ఉంటే దానికి ఫొటోలే దిక్కు.