కొలత సరే, కోత మాటేమిటి?

ప్రశ్న: ఎనిమిదడుగుల ప్లైవుడ్‌ను నాలుగు సమాన ముక్కలు చేయిస్తే చివరిది పొట్టిగా వచ్చింది. మేస్త్రీ ‘కెర్ఫ్’ వల్ల అన్నారు. అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడిది?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రంపం నడిచిన చోట మిగిలే సన్నని సందే కెర్ఫ్. పాత ఇంగ్లిష్‌లో ‘కోత’ అని అర్థమిచ్చే ‘క్యుర్ఫ్’ నుంచి వచ్చింది. తిరుపతి జిల్లా మాధవమాల కొయ్యబొమ్మల గురించి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు వాడే ‘కార్వ్’ (చెక్కడం) దీనికి దగ్గరి చుట్టమే. చెట్టు కొట్టేటప్పుడు మొదట వేసే గాటునూ కెర్ఫ్ అనే అంటారు.

ఇక మీ లెక్క. షీటు పొడవు 2440 మి.మీ. మిషన్ బ్లేడు కోత 3 మి.మీ. అనుకుంటే, మూడు కోతలకు 9 మి.మీ. పొట్టుగా పోతుంది. కాబట్టి ఒక్కో ముక్క 607.75 మి.మీ.కే వస్తుంది, 610కి కాదు. మూడు గీతలూ ముందే గీసేయడం అసలు తప్పు. ఒక ముక్క కోశాకే రెండోది కొలవాలి. బ్లేడు గీత మీద కాదు, గీతకు అవతల, వృథా వైపు నడవాలి.

చేతిరంపం పళ్లను అటొకటి ఇటొకటి వంచేదీ ఇందుకే: కోత రంపపు రేకు కన్నా వెడల్పుగా ఉండాలి. ఆ వంపు తగ్గితే రంపం బిగుసుకుంటుంది. పచ్చికర్రలో మరీను. కోతలో చిన్న చెక్కముక్క దూర్చితే వదులవుతుంది.