వలసొచ్చిన వేటగాళ్లు చెరువు మీటింగుకు ఎందుకు రారు? మా అనుభవం

కాకినాడ వైపు నుంచి పుట్టీలతో వచ్చి మీ చెరువులో వేట చేసుకునే కుటుంబాలున్నాయనీ, మీటింగుకు పిలిస్తే రారనీ, చిన్న కన్ను వలలు వద్దంటే వినరనీ రాశారు. వాళ్లను నిర్ణయాల్లో ఎలా కలుపుకోవాలని మీ ప్రశ్న. ఇదే తలనొప్పి మేం రెండేళ్లు పడ్డాం. నేను పుట్టింది తడ దగ్గర. తర్వాత పిచ్చాటూరు వైపు ఒక చెరువు సొసైటీలో లెక్కలు రాశాను. ఊరి పేరు మాత్రం అడక్కండి, రోజూ ఒకరి మొహం ఒకరం చూసుకోవాల్సినవాళ్లం.

మొదటి మీటింగ్ పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసులో పెట్టాం. ఒక్కరూ రాలేదు. ‘మనమంటే లెక్కలేదు’ అని మా ప్రెసిడెంటు మండిపడ్డాడు. తీరా కనుక్కుంటే వాళ్లు సాయంత్రం వల వేసి, తెల్లవారుజామున తీసి, చేపను మార్కెట్‌కు పంపి, పదింటికి ఇంత తిని పడుకుంటారట. సరిగ్గా నిద్ర పట్టే వేళకు మేం పిలిచాం. తర్వాతిసారి నాలుగింటికి, గట్టు మీద, వాళ్లు వలలు బాగుచేసుకునే వేపచెట్టు కిందే కూర్చున్నాం. పద్నాలుగు మంది వచ్చారు, అందులో ఐదుగురు ఆడవాళ్లు. ఏ సైజు చేప ఎంతకు పోతుందో వాళ్లకే బాగా తెలుసు, ఆ రోజు ఎక్కువ మాట్లాడింది వాళ్లే. (మాటమాటకీ వాళ్లు ‘ఆయ్’ అంటుంటే మావాళ్లలో ఒకరిద్దరు వెటకారం అనుకున్నారు. అది గౌరవమని చెప్పేసరికి నా ప్రాణం పోయింది.)

చిన్న కన్ను సంగతి ఎత్తగానే ఒక పెద్దాయన ‘వల మాది కాదండి, సావుకారుదండి’ అన్నాడు. అంతవరకూ మాకు ఆ ఆలోచనే లేదు. వల, పుట్టి, దారి ఖర్చు, పిల్లల పెళ్లికి అప్పు అన్నీ సావుకారే ఇస్తాడు. పట్టిన చేప ఆయనకే పోయాలి, ఆయన చెప్పిన రేటుకే. రోజుకు ఇంత పడకపోతే అప్పు కదలదు. అలాంటప్పుడు చేతికి అలివి వల ఇస్తే అదే వేస్తారు. శ్రీశైలం జలాశయంలో ఏళ్ల తరబడి గొడవలకు కారణమైన వల అదే. దోమతెరలా ఉంటుంది, చిటికెన వేలంత పిల్లను కూడా వదలదు. మేం వానల్లో బొచ్చె, శీలావతి పిల్లలను వదిలితే నెల తిరక్కుండా ఎండుచేపల గోతాల్లో తేలేవి.

అంటే మేం మాట్లాడాల్సిన మనిషి మీటింగులో లేడు. ఇద్దరం పోయి సావుకారును కలిశాం. ధర్మం, భవిష్యత్తు లాంటి మాటలేవీ తీయలేదు. ఈ పిల్ల చేపే కేజీ దాటాక అమ్మితే ఎంతొస్తుందో కాగితం మీద వేసి చూపించాను. నాలుగుసార్లు తిరిగాక మూడు వేళ్లు పట్టే కన్ను ఉన్న వలలు ఇచ్చాడు, అదీ సగం మందికే. రూలు కూడా ఆ వేళ్ల లెక్కలోనే చెప్పుకున్నాం. మిల్లీమీటర్లలో అచ్చేసిన నోటీసు గోడ మీద ఎండకు వెలిసిపోయింది.

ఆ తర్వాత ఇంకో తప్పు చేశాం. సొసైటీలో సభ్యత్వానికి ఆ పరిధిలో నివాసం ఉండాలి కాబట్టి వాళ్లలో ఇద్దరిని ‘ఆహ్వానితులు’ అని పిలిచి కూర్చోబెట్టాం. మాట్లాడొచ్చు, ఓటు లేదు. మూడు మీటింగులకు వచ్చి మానేశారు. తప్పు పట్టను, నేనైనా మానేస్తాను.

పులికాట్ వైపు ‘పాడు’ అనే పద్ధతి చూస్తూ పెరిగాను. సరస్సులో వల కట్టే చోట్లకు చీట్లు తీసి వంతులేసుకుంటారు, దాంతో కొట్లాటలు తగ్గుతాయి. చాలామంది దీన్ని పొగుడుతూ రాస్తారు. కానీ ఆ వంతు తరతరాలుగా కొన్ని పల్లెల పట్టపు కులం జాలర్లకే. పక్కనే ఉంటూ చేత్తో రొయ్యలు ఏరుకునే యానాదులకు అందులో చోటు లేదు. అందుకే మా చెరువును ఐదు తావులు చేసి చీట్లు తీసినప్పుడు వలసవాళ్ల పేర్లు కూడా డబ్బాలో వేయాలని పట్టుబట్టాను. పెద్ద గొడవే అయింది, ఒకాయన నాతో ఇప్పటికీ మాట్లాడడు. అయితే వంతు చేతికొచ్చాక వాళ్ల తీరు మారింది. వాగు నీళ్లు చెరువులో కలిసే చోట చేపపిల్ల గుంపు కడుతుంది, పిల్లను వదిలాక మొదటి రెండు నెలలు అక్కడ ఎవరూ వల వేయొద్దు అన్న మాట వాళ్ల నుంచే వచ్చింది. రాత్రిపూట ఆ చోటికి కాపలా ఉన్నదీ వాళ్లే.

ఇది మన దగ్గరి గొడవే అనుకోకండి. హ్యూస్టన్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు అక్కడి సంగతి చెప్పాడు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి పోయాక వచ్చిన వియత్నాం శరణార్థులు టెక్సాస్ తీరంలో వేటకు దిగారు. పీతల బుట్టలు ఎవరు ఎక్కడ వేయాలన్నది అక్కడివాళ్లకు నోటిమాట కట్టుబాటు, కొత్తవాళ్లకు చెప్పిన నాథుడు లేడు. 1979లో సీడ్రిఫ్ట్ అనే ఊళ్లో ఆ తగాదా ఒక స్థానికుడి హత్య దాకా పోయింది, వియత్నాంవాళ్ల పడవలు తగలబెట్టారు. కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా బెదిరింపులకు దిగితే 1981లో కోర్టు ఆపాల్సి వచ్చింది.

మాకు సభ్యత్వం సంగతి ఇంకా తేలలేదు. రెండు కుటుంబాలు ఇక్కడే ఇల్లు అద్దెకు తీసుకుని ఆధార్‌లో అడ్రస్ మార్చుకున్నాయి, వాళ్ల దరఖాస్తు ఆఫీసులో ఉంది. మీరైతే మీటింగ్ పెట్టే ముందు ఆ వలలు ఎవరివో కనుక్కోండి. సావుకారు ఎవరో తేలాక ఇక్కడే రాయండి, ఆయనకు చూపించిన లెక్క కాగితం ఎలా వేశానో వివరంగా చెబుతాను.