నలుపు ఎక్కడ వద్దంటే

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. కొత్తింటిని నలుపు తెలుపుల్లో సర్దుకుంటావట, పెయింటర్‌ని పిలవకుండా రంగులు నువ్వే వేసుకుంటావట, చేతిలో ఉన్న డబ్బు కూడా అంతంతమాత్రమేనట. "అచ్చం నీ పోలికే, ఏం చెబుతావో నువ్వే చెప్పుకో" అని భారం నా మీద పడేసి తను హాయిగా నిద్రపోయాడు. నా పోలిక అన్నందుకు కాసేపు మురిసిపోయాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో కాస్త ఆగి చెబుతాను, ముందు పనికొచ్చే మాటలు కానీ.

అందరికీ తెలిసినవి గబగబా చెప్పేస్తాను. గోడ చెమ్మగా ఉంటే రంగు డబ్బా మూత తియ్యకు. పగుళ్ళకి లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే రంగు. మాస్కింగ్ టేపుని చివరి కోటు పూర్తిగా ఎండకముందే మెల్లగా లాగెయ్యి, లేకపోతే అంచు వెంబడి రంగు కూడా ఊడొస్తుంది. నిచ్చెన మీద ఉన్నప్పుడు ఫోన్ మోగితే ఎత్తకు. నేను చేసినా సరే.

ఒక్కటి మాత్రం కోప్పడే చెబుతున్నాను. తలుపుల మీద, కిటికీల మీద ఏళ్ళనాటి పెయింటు పొరలు పొరలుగా ఉంటే వాటిని పొడిగా రుద్దకు. పాతకాలపు పెయింట్లలో సీసం కలిపేవాళ్ళు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అనుమానం ఉంటే పరీక్ష చేయించు. సీసం ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్ళకి వదిలెయ్యి. డబ్బు మిగిల్చే చోటు అది కాదు.

ఇక తెలుపు సంగతి. తెలుపంటే ఒకటే రంగు అనుకుని వెళ్తావు, షాపువాడు ముప్ఫై తెలుపులు ముందు పెడతాడు. కొన్నింట్లో పసుపు దాగి ఉంటుంది, కొన్నింట్లో నీలం, కొన్నింట్లో గులాబీ. విడిగా చూస్తే ఏదీ పట్టుబడదు. జిరాక్స్ కాగితం ఒకటి జేబులో పెట్టుకెళ్ళి షేడ్ కార్డు పక్కన ఆనించు, దొంగ బయటపడతాడు.

నేను ఇరవై రెండేళ్ళు డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్మ్ ఫొటోలు కడిగి ప్రింటు వేసే చీకటిగదిలో, బతికినవాణ్ణి కదా, అక్కడి అలవాటు ఒకటి నీకిస్తున్నాను. పెద్ద ప్రింటు వెయ్యబోయే ముందు అదే కాగితంలోంచి వేలెడు వెడల్పు పట్టీ ఒకటి కత్తిరించేవాణ్ణి. దానికి అంచెలంచెలుగా ఐదు సెకన్లు, పది, పదిహేను, ఇరవై అని వెలుగు చూపించి, కడిగి, ఏది సరిపోయిందో చూసుకుని అప్పుడు పెద్ద కాగితం తీసేవాణ్ణి. ఆ పట్టీ వల్ల ఎన్ని కాగితాలు మిగిలాయో లెక్కలేదు. నువ్వు కూడా గోడకి తొందరపడి వెయ్యకు. పాత అట్టముక్కకి రెండు కోటింగులు వేసి దాన్ని గదిలో తిప్పు. కిటికీ ఎదురుగా పెట్టి చూడు, మూలలో పెట్టి చూడు, పొద్దున చూడు, సాయంత్రం చూడు, లైటు వేసి చూడు. బల్బులు కొనేటప్పుడు డబ్బా మీద 2700 లేక 3000 కెల్విన్ అని ఉన్నవి తీసుకో. 6500 అని ఉంటే నీలంగా కొడుతుంది, నీ తెల్లగోడ ఆసుపత్రి గోడైపోతుంది. ఒకే గదిలో రెండు రకాలు కలిపితే మరీ దరిద్రంగా ఉంటుంది.

ఒక గదికి పట్టే తెలుపంతా ఒకేసారి కొను. రెండు మూడు డబ్బాలైతే ఒక పెద్ద బకెట్లో కలిపేసుకో, డబ్బా డబ్బాకీ ఉండే తేడా గోడ మధ్యలో చారలా తేలదు. లోపలి తలుపులకి తెల్ల ఆయిల్ ఎనామెల్ వద్దు, నీళ్ళతో కలిపేది వెయ్యి. ఆయిల్ తెలుపు వెలుతురు తగలని చోట పచ్చబడుతుంది. మా బీరువా జరిపిన రోజున దాని వెనక తలుపు ఎలా ఉందో నీకు చూపించాల్సింది.

నలుపు మాత్రం చిన్న డబ్బా చాలు. అసలు మొదట్లో కొననే కొనకు. గదంతా తెలుపు వేసి, సామాన్లు పెట్టుకుని, పది పదిహేను రోజులు ఆ తెలుపులో బతుకు. కన్ను ఎక్కడికెళ్ళి ఆగుతుందో నీకే తెలుస్తుంది. ఆగిన చోట నలుపు వెయ్యి. జతకాని నాలుగు కుర్చీలుంటే నాలుగింటికీ ఒకే నలుపు వేస్తే ఒక ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. జారుడుగా ఉండే ల్యామినేటు సామానైతే ముందు రుద్ది, దానికి పనికొచ్చే ప్రైమర్ వెయ్యి, లేకపోతే గోరు తగిలితే ఊడుతుంది. మన పాత ఫొటోలున్నాయి, కలర్‌వి కూడా బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింటు తీయించి, ఏ ఫ్రేములు దొరికితే వాటికి నల్లరంగు పూసి కట్టు. గోడ నిండుతుంది, ఖర్చు కాగితానికే. వాటిల్లో నేను తీసినవి పెడితే నాకు సంతోషమే, అడగడం లేదు.

నలుపుకి ఉన్న గుణాలు కూడా విను. దుమ్ము తెలుపు మీద కంటే నలుపు మీదే ముందు కనిపిస్తుంది. మెరుపు నలుపు వేస్తే గోడలోని ప్రతి సొట్టా బయటపడుతుంది, మెరుపులేనిది వేస్తే ప్రతి వేలిముద్రా. ఎండ పడే కిటికీకి నల్లగుడ్డ కడితే వెలిసిపోయి గోధుమరంగుకి తిరుగుతుంది. కొత్త నల్లగుడ్డని తెల్లవాటితో కలిపి ఉతక్కు. తడి తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూడు, రంగు అంటితే విడిగా నాననివ్వు.

డార్క్‌రూమ్ అంటే గోడలన్నీ నల్లగా ఉంటాయని అందరూ అనుకుంటారు. నువ్వూ చిన్నప్పుడు అదే అనుకుని లోపలికి రానని ఏడ్చావు. నా గది గోడలు తెల్లవి. ఎర్రదీపం వెలుగు కాగితాన్ని పాడుచెయ్యదు, అది ఎన్ని గోడలకి తగిలి తిరిగొచ్చినా పరవాలేదు, పైగా తెల్లగోడ వల్ల పని కనపడేది. ఫిల్మ్ మీది బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ నుంచి మాత్రం తెల్లవెలుగు పక్కలకి చిందుతుంది, అది కాగితం మీదకి తిరిగి రాకూడదు. అందుకని దాని వెనకా పక్కనా గోడకి నలుపు వేశాను. అవసరమైనంత మేర, అంతే.

పూర్తి నలుపు, పూర్తి తెలుపు తప్ప ఇంకేం లేని గది కళ్ళని అలసటపెడుతుంది. ఆన్సెల్ ఆడమ్స్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో, కటిక నలుపు నుంచి ఉత్త తెలుపు దాకా 11 మెట్లు కట్టాడు. ఆ రెండు కొసలూ తీసేస్తే మధ్యలో తొమ్మిది బూడిదరంగులే. సరిగ్గా నడిమెట్టు, తన మీద పడ్డ వెలుగులో 18 శాతం వెనక్కిచ్చే బూడిద. ఫొటో తీసేముందు వెలుగు కొలతకి మేం వాడే కార్డు అదే. మనిషి ముఖం ఆ నడిమెట్ల దగ్గరే పలుకుతుంది. అవి పోగొట్టి ప్రింటు వేస్తే బొగ్గూ సుద్దా మిగులుతాయి. నీ గదికి కూడా ఆ మధ్యమెట్లు కావాలి. రంగు వెయ్యని చెక్క, నేతబుట్ట, బూడిదరంగు దుప్పటి, ఒక మొక్క, ఏదో ఒకటి ఉండనీ.

మెట్లు అన్నాను కదా. నా నిద్ర పోగొట్టింది అవే.

మీ నాయనమ్మ నా దగ్గరున్న రోజుల్లో, హాల్లోంచి నా గదిలోకి దిగడానికి మూడు మెట్లుండేవి. నువ్విప్పుడు చేస్తానంటున్న పనే నేనప్పుడు చేశాను. గోడలు తెలుపు, మెట్లు మూడూ మెరుపులేని నలుపు, దిగగానే నల్లని తివాచీ. రంగు ఆరాక కింద నిలబడి పైకి చూస్తూ ఫొటో తీశాను. పక్క కిటికీ వెలుగు మెట్ల అంచుల మీద పడి, ప్రతి అంచూ గీత గీసినట్టు ఉంటుంది అందులో. ఇప్పటికీ మంచి ఫొటో అది. వచ్చినవాళ్ళందరికీ చూపించాను.

అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. వారం తిరక్కముందే నా గదికి రావడం మానేసింది. అంతకుముందు రోజూ సాయంత్రం వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. నేనేమో ఆవిడకి నా అభిరుచి నచ్చలేదనుకున్నాను. నచ్చకపోతే పోనీ అని బింకంగా కూర్చున్నాను. "ఏంటమ్మా, నల్లరంగంటే అలక?" అని నలుగురిలో వేళాకోళం కూడా చేశాను. నవ్వి ఊరుకుంది.

ఒక రాత్రి మంచినీళ్ళకి లేచి చూస్తే పై మెట్టు దగ్గర నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకి ఆనించి, కుడికాలు ముందుకి చాపి, బొటనవేలితో గాలిలో వెతుకుతోంది. రేవులో నీళ్ళెంత లోతున్నాయో తెలియక కాలుపెట్టి చూసుకునేవాళ్ళలాగా. నేను కదలకుండా చూశాను. ఎందుకు వెళ్ళి పట్టుకోలేదో ఇప్పటికీ తెలియదు, బహుశా అర్థం కాకే. వేలికి మెట్టు అందింది, ఒకటి దిగింది, రెండోది దిగింది. మూడోది కూడా దిగిపోయాననుకుని మామూలుగా అడుగేసింది.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పరుపు మీద కూర్చోబెట్టి అడిగితే అప్పుడంది: "ఏమోరా, ఆ చివర నేలుందో నుయ్యుందో తెలియట్లేదు. నువ్వు ముచ్చటపడి వేసుకున్నావు, ఏం చెప్పను?"

ఆవిడకి శుక్లాలు ముదురుతున్నాయని ఆ తర్వాత పరీక్ష చేయిస్తేనే తెలిసింది. మర్నాడు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పై మెట్టు మీద నిలబడి కిందకి చూశాను. ఫొటో కింద నుంచి తీశాను కదా, పైనుంచి ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ మెట్లే లేవు. గుమ్మం నుంచి తివాచీ చివరిదాకా ఒక్కటే నల్లని మడుగు.

తివాచీ ఆ రోజే తీసేశాను. ప్రతి మెట్టు అంచు మీదా ఈ చివర నుంచి ఆ చివరకి రెండంగుళాల తెల్లపట్టీ వేశాను, మెట్ల పక్కన దీపం పెట్టాను. కట్టు విప్పాక అమ్మ మళ్ళీ రావడం మొదలుపెట్టింది. కాలు జారిందనే అందరికీ చెప్పింది. మీ నాన్నకి ఈరోజుకీ అదే తెలుసు. నువ్వు చెబితే చెప్పు, నాకు చెప్పే ధైర్యం చాల్లేదు.

అందుకని నలుపు ఎక్కడ వద్దంటే, అడుగు పడే చోట వద్దు. గుమ్మం ముందు, బాత్రూమ్ ముందు నల్లపట్టా వెయ్యకు, చూపు మందగించినవాళ్ళకి అది గొయ్యిలా కనిపిస్తుంది. మెట్ల మీద గళ్ళూ చారలూ కూడా వద్దు, అసలు అంచు వాటిల్లో కలిసిపోతుంది. చెయ్యి వెతుక్కునే చోట మాత్రం ధారాళంగా వాడు. తెల్లగోడ మీద నల్ల స్విచ్చి, తెల్లతలుపుకి నల్లపిడి, తెల్ల బాత్రూమ్‌లో పట్టుకోవడానికి నల్లని కడ్డీ. నీ కంటికీ అందమే, ముసలికంటికీ దారి. అరవై దాటినవాళ్ళ కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళవాళ్ళకి చేరేదాంట్లో సుమారు మూడోవంతేనంటారు. నీకు బోలెడు వెలుతురుగా ఉన్న గది మాకు మునిమాపు.

మీ నాన్న ఈ మధ్య రాత్రిళ్ళు బండి తియ్యడం మానేశాడు, గమనించావా? అడిగితే పనేం లేదంటాడు. వాడూ మా అమ్మ కొడుకే, నీ ఇంటికొచ్చి తడుముకోవాల్సి వచ్చినా నోరు విప్పడు.

ఇంట్లో మెట్లెన్నో, ఎక్కడెక్కడున్నాయో రాయి. పై మెట్టు మీద నిలబడి కిందకి చూస్తూ రెండు ఫొటోలు తీసి పంపు, పగలొకటి, రాత్రి లైటు వేసి ఒకటి. అవి చూసేదాకా నల్లడబ్బా మూత తియ్యకు.

మీ పెదనాన్న